స్టిక్ పనికి లేత్ కొనాలంటే ముందు స్పిండిల్ బోర్ చూడండి

లేత్ కొందామనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది మోటార్ ఎన్ని హెచ్‌పీ ఉండాలి, బెడ్, అంటే మిషన్ కింది పొడవాటి ఇనప దిమ్మ, ఎన్ని అడుగులు ఉండాలి అని. పూల్ స్టిక్కుల పనికి ఈ రెండూ తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది స్పిండిల్ (కర్రని తిప్పే ఇరుసు) మధ్యలో ఉండే కన్నం, అదే బోర్, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది. స్టిక్ అందులో ఎంతవరకు దూరుతుంది, దూరాక చక్‌లో (కర్రని బిగించి పట్టే భాగంలో) ఊగకుండా తిరుగుతుందా, వెనక వైపు బయటికి వచ్చిన కర్రని ఏది పట్టుకుంటుంది, ఈ మూడూ తేలితే ఏ మిషన్ కొనాలో చాలావరకు తేలిపోతుంది.

మన గోదావరి జిల్లాల్లో ఈ పనికి చోటుంది. భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి, ఎటు వెళ్లినా పార్లర్లున్నాయి. టిప్, అంటే కొసన బంతిని తాకే తోలు బిళ్ల, ఊడితే బ్లేడుతో చెక్కి, గమ్ పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది ఆడేస్తారు. ఫెర్రూల్ (టిప్ కింద ఉండే తొడుగు) పగిలినా, జాయింట్ పిన్ (స్టిక్ రెండు ముక్కల్నీ కలిపే మర) లూజైనా ఆ స్టిక్ మూలకి చేరుతుంది. మంచి మేపుల్ షాఫ్టులు, అంటే టిప్ వైపు ముక్కలు, చిన్న పనికి మనిషి దొరక్క అలా పాడైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు చేయబోయేది రిపేరా, తయారీయా అన్నది మొదట తేల్చుకోండి. రెండూ చేస్తానంటే కూడా మొదటి ఏడాది ఏది ఎక్కువ చేస్తారో దాన్నిబట్టి కొనండి. ఇంకో సంగతి, మన పార్లర్లలో పూల్ బల్లల పక్కనే స్నూకర్ బల్లలు కూడా ఉంటాయి, వాటి స్టిక్కులు వేరు. పూల్ స్టిక్ టిప్ దగ్గర 12.5 నుంచి 13 మిల్లీమీటర్లు, షాఫ్ట్ ఎక్కువగా మేపుల్, ఫైబర్ ఫెర్రూల్, మధ్యలో జాయింట్, మొత్తం లేత్ మీద తిప్పి చేసేదే. స్నూకర్ స్టిక్ టిప్ 9.5 అటూ ఇటూ, ఇత్తడి ఫెర్రూల్, షాఫ్ట్ చాలావాటికి యాష్ కర్ర. మంచి స్నూకర్ స్టిక్‌ని చేత్తో చిత్రిక పట్టే చేస్తారు, లేత్ మీద కాదు. కాబట్టి స్నూకర్ స్టిక్కులు తయారు చేయాలన్నది మీ కోరికైతే డబ్బు ముందు మంచి చిత్రికల మీదా, బాగా ఎండిన కర్ర మీదా పెట్టండి, లేత్ మీకు ఫెర్రూల్‌కీ జాయింట్‌కీ మాత్రమే కావాలి, దానికి చిన్నది చాలు.

ఇప్పుడు కొలతల్లోకి వద్దాం. వెర్నియర్ కాలిపర్ ఒకటి పట్టుకుని పార్లర్‌కి వెళ్లి నాలుగైదు రకాల స్టిక్కులు కొలవండి. మామూలు పూల్ స్టిక్ మొత్తం 57, 58 అంగుళాలు, రెండు ముక్కలు, ఒక్కోటి 29 అంగుళాలు, అంటే సుమారు 737 మిల్లీమీటర్లు. జాయింట్ దగ్గర మందం 21.5 చుట్టుపక్కల, బట్ (చేత్తో పట్టుకునే వెనక ముక్క) చివర 31, 32. స్నూకర్ స్టిక్ బట్ దాదాపు 29. ఈ అంకెలు రాసి పెట్టుకుంటే చాలు, అమ్మేవాడు ఏం చెప్పినా మీకు లెక్క తెలుస్తుంది.

చాలామంది బోర్ 32 లేకపోతే ఆ మిషన్ దండగ అనేస్తారు. అది సగమే నిజం. ఏ పనికి కర్ర ఎటువైపు నుంచి దూరుస్తామన్నది చూడాలి. టిప్ పని, ఫెర్రూల్ పని అనుకోండి. స్పిండిల్ వెనక వైపు నుంచి టిప్ ముందుగా దూర్చి, చక్ ముందుకి రెండు మూడు అంగుళాలు బయటికి తీసి బిగిస్తాం. అప్పుడు బోర్‌లో ఉండేది షాఫ్ట్ సన్నటి భాగం. మినీ లేత్‌లో హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె), చక్ కలిపి అడుగు లోపే ఉంటాయి కాబట్టి ఆ అడుగు పొడవులో పూల్ షాఫ్ట్ ఎంత లావైనా 18 మిల్లీమీటర్లు దాటదు. 20 మిల్లీమీటర్ల బోర్ ఉన్న చిన్న మిషన్ కూడా ఈ పనికి సరిపోతుంది. జాయింట్ లేని ఒకే ముక్క స్నూకర్ స్టిక్ అయినా సరే, బట్ వెనక వైపు బయటే ఉండిపోతుంది, అది దూరాల్సిన పనే లేదు.

అదే బట్‌లో ఉండే జాయింట్ పిన్ మార్చాలంటే లెక్క మారిపోతుంది. జాయింట్ మొహం ముందుకి రావాలి, వెనక్కి పోయేకొద్దీ బట్ లావెక్కుతుంది. 737 మిల్లీమీటర్ల పొడవులో 10 మిల్లీమీటర్లు పెరుగుతుందంటే ప్రతి 100 కి 1.36, అంటే జాయింట్ నుంచి అడుగు దూరంలో మందం 25.6 దగ్గర ఉంటుంది. 20 బోర్ అక్కడ పనికిరాదు. హెడ్‌స్టాక్ పొడవైన పెద్ద లేత్‌లో అయితే 28 దాకా వస్తుంది. ఇక బట్ అడుగున క్యాప్ మార్చడం, బంపర్ (అడుగున ఉండే రబ్బరు బిళ్ల) పని అయితే ముందు వైపు నుంచే దూర్చాలి, చక్ దగ్గరే 31, 32 ఉంటుంది, పైన చుట్టిన దారం మందం అదనం. దీనికి 35 కి తగ్గకుండా ఉండాలి, 38 ఉంటే హాయి.

అంటే రోజూ వచ్చే పని టిప్పులూ ఫెర్రూల్సే అయితే చిన్న బోర్‌తో మొదలుపెట్టొచ్చు. పిన్నులు, బట్ పని కూడా ఒప్పుకుంటానంటే 38 బోర్ వెతకండి. బోర్ లేకపోతే బెడ్ అయినా ఉండాలి: ఒక కొస చక్‌లో పట్టుకుని రెండో కొసని స్టెడీ రెస్ట్‌లో (కర్ర ఊగకుండా చుట్టూ ఆనించి పట్టే దాంట్లో) తిప్పుతూ పని చేయొచ్చు, కానీ దానికి 737 కర్రా, దాని ముందు డ్రిల్ చక్‌కి చోటూ కలిపి మీటరుకి దగ్గరగా కావాలి. ఆ పొడవున్న మిషన్లు మామూలుగా పెద్ద బోర్‌తోనే వస్తాయి.

బెడ్ సంగతి వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మన దేశంలో లేత్‌ని నాలుగున్నర అడుగులు, ఆరడుగులు అని అమ్ముతారు. అది బెడ్ మొత్తం పొడవు. మీకు కావాల్సింది సెంటర్‌కీ సెంటర్‌కీ, అంటే కర్రని రెండు కొసల్లో పట్టే మొనలకి, మధ్య దూరం. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ (ఎదుటి కొసన కర్రని ఆనించే భాగం) కూర్చునే చోటు పోగా నాలుగున్నర అడుగుల మిషన్‌లో సగం, సగం మీద కొంచెం మిగులుతుంది, అంతే. 30 అంగుళాల చెక్క సెంటర్ల మధ్య పెట్టి షాఫ్ట్ తిప్పాలంటే 850 మిల్లీమీటర్లు లేకుండా ఇబ్బంది. కాబట్టి తయారీకి అయితే ఆరడుగుల బెడ్ దాకా వెళ్లాలి, రిపేర్‌కి నాలుగున్నర ధారాళం. కొటేషన్ తీసుకునేటప్పుడు "సెంటర్ల మధ్య ఎంత ఆడ్మిట్ అవుతుందండీ" అని అడిగి ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. స్వింగ్, అంటే ఎంత లావు సామాను తిరుగుతుందన్న కొలత, ఎంత అన్న టెన్షన్ మాత్రం మనకి వద్దు, మన కర్ర లావు 32 మిల్లీమీటర్లు, ఏ లేత్ మీదైనా తిరుగుతుంది.

మార్కెట్లో దొరికేవి చూద్దాం. అమెరికాలో స్టిక్కుల కోసమే చేసే లేత్‌లున్నాయి, క్యూస్మిత్, పోర్పర్, మిడ్ అమెరికా లాంటివి. పొడవాటి సన్నటి బెడ్, బేరింగులున్న స్టెడీ రెస్టులు, టేపర్ బార్ (కర్ర వాలుగా సన్నబడేలా కోతని నడిపే పట్టీ), రౌటర్ (చాలా వేగంగా తిరిగే చిన్న కోత మిషన్) బిగించే చోటు, అన్నీ ఈ పనికే అమర్చి ఉంటాయి. చూస్తే మనసు లాగుతుంది. కానీ రవాణా, కస్టమ్స్ కలిపితే ఖరీదు బాగా పెరుగుతుంది, అక్కడి కరెంటు 110 నుంచి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కాబట్టి మోటార్ సంగతి ముందే మాట్లాడుకోవాలి, ఒక చిన్న బెల్టు పోయినా సముద్రం దాటి రావాలి. మొదటి మిషన్‌గా నేను వద్దనే అంటాను. ఫోటోలు మాత్రం బాగా చూడండి, ముఖ్యంగా వాటి స్టెడీ రెస్ట్ ఎలా కట్టారో చూస్తే మీ మిషన్‌కి అలాంటిదే మన టర్నర్ చేసివ్వగలడు.

చైనా మినీ లేత్‌లు, 7 బై 12, 7 బై 14 (స్వింగ్ 7 అంగుళాలు, సెంటర్ల మధ్య 12, 14) అని వస్తాయే, వాటిలో ఎక్కువ భాగం 20 బోర్‌వి. టేబుల్ మీద పెట్టుకోవచ్చు, ఇంటి కరెంటు చాలు, స్పీడ్ నాబ్ తిప్పితే మారుతుంది. టిప్పులకీ ఫెర్రూల్స్‌కీ మంచివే. లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, స్పేర్ సెట్ ముందే తెప్పించుకోండి. కొంచెం పెద్ద సైజులో 210 మిల్లీమీటర్ల స్వింగ్, 38 బోర్‌తో వచ్చే బెంచ్ లేత్‌లు కూడా ఉన్నాయి, సెంటర్ల మధ్య 400 దాకా ఉంటుంది. రిపేర్ ఒక్కటే చేసే మనిషికి అన్నిటికంటే నాకు నచ్చేది ఈ రకమే. వర్క్‌షాప్ అక్కర్లేదు, ఇంటి ముందు గదిలో పెట్టుకోవచ్చు, బట్ పని కూడా అవుతుంది.

రాజ్‌కోట్, బటాలా నుంచి వచ్చే మామూలు సెంటర్ లేత్‌లు మన ఊళ్లలో అందరికీ తెలిసినవే. చెరువుల ఏరేటర్ షాఫ్టులు, పంపు షాఫ్టులు, రైస్ మిల్లు సామాను, అన్నీ వాటి మీదే తిరుగుతాయి. బరువు, గట్టిదనం దండిగా ఉంటాయి. మన పనికి అంత గట్టిదనం అక్కర్లేదు నిజానికి, చెక్క మీద కోత బలం చాలా తక్కువ. మనకి కావాల్సింది నిఖార్సైన తిరుగుడు. కొత్త చవక మిషన్ కంటే మంచి కంపెనీ పాత మిషన్, బెడ్ అరగకుండా ఉంటే, మేలని నా నమ్మకం. హెచ్‌ఎంటీ, కిర్లోస్కర్ టర్న్‌మాస్టర్ లాంటివి విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్ వైపో సెకండ్ హ్యాండ్‌లో తగిలితే వదలకుండా వెళ్లి చూడండి. చెక్క బొమ్మలు తిప్పే వుడ్ లేత్ మాత్రం ఈ పనికి కొనకండి. దాంట్లో ఉలి చేత్తో పట్టుకోవాలి, క్యారేజ్ (టూల్‌ని పట్టుకుని బెడ్ మీద జరిగే భాగం) ఉండదు, ఫెర్రూల్ మొహం చదునుగా రావడం చేతి నైపుణ్యం మీద పడుతుంది, జాయింట్ పిన్‌కి అది సరిపోదు.

చదును ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. జాయింట్ మొహం 21.5 మిల్లీమీటర్ల వెడల్పు. దాని మీద ఒక అంచు రెండో అంచుకంటే 0.05 మిల్లీమీటర్లు, అంటే కాగితం మందంలో సగం, ఎత్తుగా ఉందనుకోండి. రెండు ముక్కలూ బిగించాక టిప్ దగ్గర ఆ తేడా 1.7 మిల్లీమీటర్లు అవుతుంది. బల్ల మీద దొర్లిస్తే ఆటగాడు వెంటనే పట్టేస్తాడు, కర్ర వంకరపోయిందంటాడు. కర్ర బాగానే ఉంటుంది, మొహమే వాలిపోయి ఉంటుంది. అందుకే స్టిక్కుల లేత్‌కి డయల్ గేజ్ (ఎంత ఊగుతోందో ముల్లుతో చూపేది), 0.01 మిల్లీమీటరు దాకా చూపేది, మిషన్‌తో పాటే కొనాల్సిన వస్తువు. అది లేకుండా మిషన్ చూడ్డానికి కూడా వెళ్లొద్దు.

సెకండ్ హ్యాండ్ మిషన్ చూసేటప్పుడు రంగు చూడకండి. కొత్త రంగు వేసిన మిషన్‌ని ఇంకా జాగ్రత్తగా చూడండి. చక్ విప్పించి, స్పిండిల్ లోపలి టేపర్ తుడిచి, డయల్ ముల్లు అక్కడ ఆనించి చేత్తో మెల్లగా తిప్పండి. 0.01 లోపు ఊగితే సంతోషం, 0.02 దాటితే బేరింగుల సంగతి అడగండి. తర్వాత చక్ బిగించి దాంట్లో ఒక గట్టి రాడ్ పట్టి, డయల్ చక్ మీద పెట్టి రాడ్‌ని పైకి ఎత్తి చూడండి, ముల్లు బాగా కదిలితే స్పిండిల్ లూజై ఉండొచ్చు. సర్దితే పోయే లూజైతే ఫర్వాలేదు, బేరింగ్ అరిగిపోయిందైతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మిషన్ స్టార్ట్ చేసి ఒక పావుగంట తిరగనివ్వండి, హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండొచ్చు, కాలకూడదు, గరగర శబ్దం రాకూడదు.

బెడ్ అరుగుదల పట్టుకోవడం తేలిక. లేత్ బెడ్ ఎప్పుడూ చక్ దగ్గరే ఎక్కువ అరుగుతుంది, పనంతా అక్కడే కదా. క్యారేజ్‌ని చక్ దగ్గరికి తెచ్చి లూజు లేకుండా సరిగ్గా బిగించమనండి, తర్వాత దాన్ని టెయిల్‌స్టాక్ వైపు తోయండి. చివరికి వెళ్లేసరికి బిగుసుకుపోతే బెడ్ చక్ దగ్గర అరిగి చివర అలాగే ఉందని అర్థం. రిపేర్ మాత్రమే చేసేవాళ్లకి కొంచెం అరుగుదల నష్టం కాదు, కోసేది రెండు మూడు అంగుళాలే. షాఫ్ట్ తయారుచేసేవాళ్లు మాత్రం అలాంటి బెడ్ కొనకూడదు, ఆ అరుగుదల మొత్తం మీ టేపర్‌లో కనిపిస్తుంది.

ఇక పట్టుకోవడం. నా దృష్టిలో మిషన్ కంటే ఇదే పెద్ద విషయం. మూడు జాల (కర్రని కరిచి పట్టే దవడల) చక్ ఎంత కొత్తదైనా 0.05 నుంచి 0.1 దాకా ఔట్ రావడం, అంటే మధ్య తప్పి ఊగడం, మామూలు. దాంట్లో కర్రని నేరుగా బిగిస్తే ఔటు, పైగా కర్ర మీద మూడు గుంటలు. దీనికి మందు నైలాన్ లేదా డెల్రిన్ ప్లాస్టిక్ బుష్, అంటే కర్రకీ జాలకీ మధ్య పెట్టే తొడుగు. 50 మిల్లీమీటర్ల రాడ్ ముక్క తీసుకుని, ఒక చివర అంచు ఉండేలా తిప్పి, మీ చక్‌లోనే మీరు బిగించి, అక్కడే లోపల కావాల్సిన సైజుకి బోర్ చేయండి. తీయకముందే మొదటి నంబర్ జా ఎదురుగా బుష్ మీద గుర్తు పెట్టండి. తీసి ఒక పక్క రంపంతో నిలువునా కోయండి. ఇక ఎప్పుడు వాడినా ఆ గుర్తు మొదటి జాకి ఎదురుగానే రావాలి. బోర్ అదే చక్‌లో అదే చోట చేశారు కాబట్టి చక్ ఔటు అందులో చాలావరకు రద్దయిపోతుంది. ఇలా 13 నుంచి 32 దాకా ఒక్కో మిల్లీమీటరు తేడాతో ఒక సెట్ చేసుకోండి, ఓపిక కావాలి, కానీ ఈ సెట్ పూర్తయిన రోజున మీ మామూలు లేత్ స్టిక్కుల లేత్ అవుతుంది. కర్ర టేపర్ కాబట్టి బుష్ ఒక అంచు మీదే ఆనుతుంది, రెండో అంచు దగ్గర కర్రకి మాస్కింగ్ టేప్ రెండు చుట్లు చుడితే సర్దుకుంటుంది. బిగించాక కర్ర మీద డయల్ పెట్టి చూడండి, 0.05 లోపు వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దు.

స్పిండిల్ వెనక వైపు కూడా ఇలాగే ఒక పట్టు కావాలి. వెనక బయటికి వచ్చిన రెండు మూడు అడుగుల కర్ర స్పీడులో ఊగడం మొదలైతే ఒక్క క్షణంలో విల్లులా వంగి విరుగుతుంది, పక్కన మనిషి ఉంటే దెబ్బ తగులుతుంది. స్పిండిల్ వెనక కొసకి మూడు స్క్రూల రింగు ఒకటి చేయించి, దాంట్లో నైలాన్ బుష్ పెట్టి కర్రని మధ్యకి తేవాలి. ఆ వెనక ఇంకా మిగిలిన పొడవుకి స్టాండ్ మీద బేరింగ్ సపోర్ట్ పెట్టండి. అది లేనంతవరకు స్పీడు పెంచకండి. పెద్ద లేత్‌లలో వెనక వైపే గేర్లుంటాయి, ఆ తలుపు మూసే ఉంచాలి, పిల్లలు తిరిగే చోట అయితే ఇనప జల్లెడ కూడా కట్టండి.

మిషన్‌కి పెట్టే డబ్బులో కనీసం మూడో వంతు ఈ సామాన్లకి పక్కన పెట్టుకోండి. బుష్షులు, డయల్ స్టాండ్, రివాల్వింగ్ సెంటర్, డ్రిల్ చక్, చిన్న బోరింగ్ బార్ (కన్నం లోపల కోసే టూల్), పదునైన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్స్. చెక్కకి కార్బైడ్ కంటే బాగా నూరిన హెచ్‌ఎస్‌ఎస్ నయం, ఇనప పనికి నూరిన కోణాలు చెక్కని చీలుస్తాయి, పై కోణం ఎక్కువ ఉండాలి.

పిన్నుల విషయంలో ఒక మాట. పూల్ స్టిక్ పిన్నులు ఒకటే సైజు కాదు. 5/16-18, 5/16-14, 3/8-10, రేడియల్, యూనిలాక్ అని రకరకాలు; అంకెల్లో మొదటిది అంగుళాల్లో మందం, రెండోది అంగుళానికి మర చుట్లు. 5/16-18 మామూలు బోల్టు థ్రెడ్డే, ట్యాప్ (కన్నంలో మర కోసేది) ఎక్కడైనా దొరుకుతుంది. 3/8-10 అలా కాదు, బజార్లో ఉండే 3/8 బోల్టు అంగుళానికి 16 చుట్లది, స్టిక్ పిన్నుకి 10. ట్యాప్ విడిగా తెప్పించుకోవాలి లేదా లేత్ మీదే థ్రెడ్ కోయాలి. అందుకని గేర్ చార్టులో అంగుళానికి 10, 14, 18 చుట్లు వస్తాయా చూడండి. మెట్రిక్ లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే స్క్రూ) ఉన్న మిషన్‌లో 10 చుట్లు అంటే 2.54 మిల్లీమీటర్ల పిచ్, అది కచ్చితంగా రావాలంటే 127 పళ్ల గేరు ఉండాలి. కన్నం వేసేటప్పుడు డ్రిల్ బిట్‌ని నమ్మొద్దు, అది కర్ర చారల వెంట పక్కకి పోతుంది. చిన్నగా డ్రిల్ చేసి, మిగతాది బోరింగ్ బార్‌తో సైజుకి తేవాలి.

మోటార్ హాఫ్ హెచ్‌పీ అయినా మన పనికి ఎక్కువే. ఎంత బలం అన్నదానికంటే ఎంత నున్నగా తిరుగుతుందన్నది చూడండి. సింగిల్ ఫేజ్ మోటార్ సెకనుకి వందసార్లు సన్నగా అదురుతుంది, ఫినిష్ కోతలో ఆ అదురు చారలుగా పడొచ్చు. త్రీ ఫేజ్ మోటార్‌కి వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే కరెంటు పెట్టె) పెడితే ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతోనే నడుస్తుంది, స్పీడు కావాల్సినట్టు మారుతుంది. సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ నుంచి బయటికి వచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్ కాబట్టి మోటార్ ప్లేటు మీద 230 డెల్టా కనెక్షన్ రాసి ఉందో లేదో ముందే చూసుకోండి, 415 కి మాత్రమే కట్టిన మోటార్ దాంతో సరిగ్గా లాగదు. పాత మిషన్లలో చక్ మర తిప్పి బిగించేదైతే వీఎఫ్‌డీలో బ్రేకు గట్టిగా పెట్టొద్దు, రివర్స్ వాడొద్దు, చక్ ఊడి వస్తుంది. టిప్ అంచు కోయడానికి నిమిషానికి 600 నుంచి 1000 చుట్ల దాకా, డ్రిల్లింగ్ కన్నాలకి అంతకంటే తక్కువ స్పీడు చాలు.

ఇప్పుడు మన నేల సంగతి. డెల్టాలో చాలాచోట్ల నల్లమట్టి, ఒండ్రుమట్టి. వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది, ఫ్లోరింగ్ దానితోపాటు కదులుతుంది. బరువైన లేత్ నాలుగు కాళ్లూ ఆ నేల మీదే ఉంటాయి, ఒక మూల కాస్త దిగినా బెడ్ మెలిపడుతుంది, కంటికి కనిపించదు. కాళ్ల కింద మందపాటి కాంక్రీట్ దిమ్మ పోయించండి, లెవలింగ్ స్క్రూలు పెట్టించండి. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఈ పరీక్ష చేయండి: 25 మిల్లీమీటర్ల అల్యూమినియం రాడ్‌ని చక్‌లో బిగించి ఒక జానెడు బయటికి ఉంచి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, చక్ దగ్గర ఒక పట్టీ, కొసన ఒక పట్టీ ఒకే సెట్టింగులో సన్నగా కోసి మైక్రోమీటర్‌తో కొలవండి. రెండూ 0.01, 0.02 తేడాలో ఉంటే బాగున్నట్టు. తేడా పెరిగితే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ల స్క్రూలు సర్ది మళ్లీ కోసి చూడాలి.

నర్సాపురం, అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు గాలి బెడ్‌ని వదిలిపెట్టదు. పని అయ్యాక రోజూ బెడ్ తుడిచి నూనె పట్టించి గుడ్డ కప్పండి. చెక్క పొట్టు తేమని పీల్చి బెడ్ మీద ఉంచేస్తుంది, ఆ కింద రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది, పైగా పొట్టూ నూనే కలిసి ముద్దై స్లైడుల్లోకి వెళ్తుంది. చెక్క పని చేసే రోజున బెడ్ మీద నూనె తక్కువ ఉంచి, వాక్యూమ్ క్లీనర్ మూతి టూల్ పక్కనే కట్టండి. అదే మిషన్ మీద ఇనుము కూడా తిప్పుతుంటే జాలు, బుష్షులు స్పిరిట్‌తో తుడిచాకే స్టిక్ పెట్టండి, మేపుల్‌కి నూనె మరక పట్టిందంటే పోదు.

తయారీ వైపు వెళ్లేవాళ్లకి టేపర్ గురించి కాస్త చెప్పాలి. టెయిల్‌స్టాక్ పక్కకి జరిపి కోస్తే తిన్నని టేపర్ వస్తుంది. షాఫ్ట్ 13 నుంచి 21.5 కి పెరగాలంటే మొత్తం పొడవుకి 4.25 మిల్లీమీటర్లు జరపాలి, బట్‌కి 5. కానీ చాలామంది ఆటగాళ్లు ఇష్టపడే షాఫ్ట్ టిప్ నుంచి 10, 12 అంగుళాల దాకా దాదాపు ఒకే మందం ఉండి, అక్కడి నుంచి పెరుగుతుంది. ఆ ఆకారం టెయిల్‌స్టాక్‌తో రాదు. మిషన్ వెనకాల ఆ ఆకారంలో కోసిన పట్టీ బిగించి, క్రాస్ స్లైడ్ (టూల్‌ని కర్ర వైపు ముందుకీ వెనక్కీ జరిపే భాగం) దాన్ని అనుసరించేలా చేసి, టూల్ బదులు ట్రిమ్ రౌటర్ పెట్టాలి. రౌటర్ నిమిషానికి 25,000 చుట్ల పైన తిరుగుతుంది, కర్ర 200, 300 లో మెల్లగా తిరుగుతుంది, అందుకే సన్నటి కర్ర వంగకుండా కోత పడుతుంది. కాబట్టి తయారీకి మిషన్ చూసేటప్పుడు బెడ్ వెనక పట్టీ బిగించే చోటుందా, క్రాస్ స్లైడ్ స్క్రూ విడదీయడం కుదురుతుందా చూడండి.

షాఫ్ట్ ఒక్క రోజులో కోసేది కాదు. కొంచెం కోసి, నిలువుగా వేలాడదీసి, వారాలు, కొందరైతే నెలలు ఆగి మళ్లీ కోస్తారు. ప్రతి కోతకీ లోపలి బిగువు విడుదలై కర్ర కాస్త తిరుగుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ, జులై నుంచి అక్టోబర్ దాకా చివరి కోత పెట్టుకోకపోవడం మంచిది. వంకరపోయిన షాఫ్ట్‌ని లేత్ మీద తిన్నగా చేస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వొద్దు, వంకర కోసేస్తే సన్నబడుతుంది తప్ప కర్ర తిన్నబడదు.

చేయి తిరగడానికి పార్లర్లలో విరిగిన స్టిక్కులు అడిగి తెచ్చుకోండి. టేకు మీద నేర్చుకుంటే టూల్ పదును ఊరికే పోతుంది, అందులో ఇసుక గుణం ఉంటుంది. తాటి చేవ బట్‌కి చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, మనకి కొదవ లేదు, కానీ పీచు పీచుగా లేస్తుంది, టూల్ బ్లేడులా ఉండాలి, సన్నటి సూపర్ గ్లూ తాపుతూ కోయాలి. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామంటే పర్మిట్ కాగితాలు లేకుండా ముట్టుకోకండి, అది నేరం. రోజ్‌వుడ్ పొట్టు కొందరికి దురదలు, ఆయాసం తెస్తుంది, ఫైబర్ ఫెర్రూల్ పొడి ఊపిరికి మంచిది కాదు, కార్బన్ ఫైబర్ షాఫ్టుల పొడి అయితే ఊపిరికీ చెడ్డది, మోటార్‌లోకీ వీఎఫ్‌డీలోకీ వెళితే కరెంటు షార్ట్ కూడా చేస్తుంది. మంచి మాస్క్ వేసుకోండి, కార్బన్ షాఫ్ట్ వస్తే టిప్ మార్చడం వరకే ఒప్పుకోండి.

కొనే ముందు ఒక పని చేయండి. మీ ఊళ్లో తెలిసిన లేత్ షాపుకి ఖాళీగా ఉండే వేళ ఒక పాత పూల్ స్టిక్ తీసుకెళ్లి, టర్నర్ గారిని అడిగి దాన్ని బోర్‌లో దూర్చి చూడండి, వెనక ఎంత వచ్చింది, చక్ దగ్గర ఎంత ఊగింది, టిప్ దగ్గర టూల్ ఆనించడానికి టెయిల్‌స్టాక్ అడ్డొచ్చిందా. ఆయన సాయంతో ఒక నైలాన్ బుష్ అక్కడే చేసి, ఒక ఫెర్రూల్ మొహం కోసి చూడండి. ఎవరి దగ్గర మిషన్ అమ్మకానికి ఉంది, ఎవరు బెడ్ గ్రైండింగ్ చేయించారు, ఎవరు రంగు మాత్రమే వేయించారు అన్న కబురు కూడా ఆయన దగ్గరే దొరుకుతుంది.